ప్యాకింగ్ లైనులో ఆటోమేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి

ఆహార పదార్థాల ప్యాకింగ్ లైనును ఆటోమేట్ చేయాలనుకునేవారు యంత్రాల కేటలాగు తెరవడానికి ముందు, వారం రోజులు గడియారం, పుస్తకం పట్టుకుని లైను పక్కన నిలబడడం మంచిది. లైను ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ప్రతిసారీ రాసుకోవాలి. ప్యాకెట్లు తయారయ్యే ప్లాస్టిక్ ఫిల్మ్ పక్కకు జరగడం, సెన్సర్ కంటికి పిండి పట్టడం వంటి అరనిమిషపు ఆటంకాలను షిఫ్టు రిజిస్టరులో ఎవరూ రాయరు గానీ, ఎక్కువ సమయాన్ని మింగేవి తరచుగా అవే.

480 నిమిషాల షిఫ్టులో 72 నిమిషాలు లైను ఆగితే నడిచిన సమయం 85 శాతం. ఆ సమయంలో వేగం అనుకున్నదానిలో 90 శాతం, మంచి ప్యాకెట్లు 98 శాతం అనుకుంటే, మూడింటినీ గుణించగా వచ్చేది దాదాపు 75 శాతం. ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్, అంటే యంత్రాల మొత్తం పనితీరు) అనే ఈ లెక్క చేతిలో లేకుండా యంత్రం కొంటే, అది ఏ నష్టాన్ని పూడ్చిందో తరువాత ఎవరూ చెప్పలేరు.

లైను మొత్తం వేగాన్ని నిర్ణయించేది అందులోని అతి నెమ్మది యంత్రమే కాబట్టి, మార్పు అక్కడ మొదలుకావాలి. దానికి ముందూ వెనుకా ఉన్న యంత్రాలకు కొంత అదనపు వేగం ఉండాలి. మధ్యలో కాసేపు ప్యాకెట్లు నిలవగలిగే చోటు ఉంటే, పెట్టెలు నింపే దగ్గర చిన్న అంతరాయం వచ్చినా సీలింగ్ ఆగదు.

చాలా లైన్లలో పెట్టుబడి త్వరగా తిరిగివచ్చేది తూకం దగ్గర అని నా అభిప్రాయం. 200 గ్రాముల ప్యాకెట్టులో సగటున 3 గ్రాములు ఎక్కువ పడుతుంటే, నిమిషానికి 40 ప్యాకెట్ల చొప్పున 8 గంటల్లో 57.6 కిలోల సరుకు ఉచితంగా వెళ్లిపోతుంది. 14 తలల మల్టీహెడ్ వేయర్‌లో, అంటే తలకొక తూకపు బకెట్టు ఉండే తూకం యంత్రంలో, ప్రతి బకెట్టులోనూ కొంచెం కొంచెం సరుకు పడుతుంది. వాటిని 16,383 రకాలుగా కలపవచ్చు గనుక, కావలసిన బరువుకు అతి దగ్గరగా వచ్చే కలయికను యంత్రం ఎంచుకుని ఆ బకెట్లను మాత్రమే తెరుస్తుంది.

సీలు కుదరడానికి వేడి, ఒత్తిడి, సమయం మూడూ కావాలి. వేగం పెంచినప్పుడు సమయం తగ్గుతుంది. అప్పుడు ఆపరేటరు వేడి పెంచుతాడు, ఫిల్మ్ ముడుచుకుపోతుంది. సీలు గీతలో చిక్కిన చిన్న పలుకు చాలు, గాలి లోపలికి దారి చేసుకోవడానికి. అందుచేత గంటకోసారి కొన్ని ప్యాకెట్లను వ్యాక్యూమ్ ఛాంబరులోని నీటిలో ముంచి బుడగలు చూడాలి.

మెటల్ డిటెక్టరును ఇనుము, ఇనుమేతర లోహం, స్టెయిన్‌లెస్ స్టీలు అనే మూడు పరీక్ష ముక్కలతో క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఒక పరీక్షలో డిటెక్టరు విఫలమైతే, అంతకుముందు నెగ్గిన పరీక్ష తరువాత నడిచిన సరుకంతా పక్కన పెట్టి మళ్లీ నడపవలసి ఉంటుంది. విరామం ఎక్కువైనకొద్దీ ఆ గుట్ట పెరుగుతుంది. అల్యూమినియం ఫాయిల్ ప్యాకెట్లకు సాధారణ డిటెక్టరు సరిపోదు గనుక, ప్యాకింగుకు ముందే పరీక్షించడమో, ఎక్స్‌రే యంత్రం వాడడమో చేయాలి.

అధిక ఒత్తిడి వేడినీటితో కడిగే చోట ‘ఐపీ69కే’ (IP69K) అనే, అలాంటి కడుగుడును తట్టుకునే రక్షణ స్థాయి ఉన్న మోటార్లు, సెన్సర్లు తీసుకోవాలి. పొడి సరుకు నడిచే చోట నీటిని వీలైనంత దూరంగా ఉంచడమే మేలు.

చివరిగా, యంత్రాన్ని తయారీదారు దగ్గరే పరీక్షించేటప్పుడు వారి నమూనా ఫిల్మును ఒప్పుకోకుండా మీ ఫిల్మ్ రోలు, మీ సరుకు పంపించి గంటల తరబడి నడిపించాలి. ఒక సైజు నుంచి మరో సైజుకు మార్చే పనిని వారి ఇంజనీరు కాకుండా మీ ఆపరేటరు చేస్తుండగా సమయం చూడాలి. యంత్రం మీది ప్రతి రక్షణ తలుపునూ (గార్డునూ) తెరిచి, ప్రతి ఎమర్జెన్సీ స్టాప్‌నూ నొక్కి యంత్రం ఆగుతుందో లేదో పరీక్షించాలి. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపించే కంప్యూటర్) ప్రోగ్రాం ప్రతి, విడిభాగాల జాబితా చేతికి అందేవరకు చివరి వాయిదా చెల్లించకూడదు.