మంచం వెనక గోడకి పూల వాల్‌పేపర్: ముందు కోత లెక్క

గోడ చదరపు అడుగుల్ని ఒక రోల్ కప్పే 57 చదరపు అడుగులతో భాగించి ‘ఇన్ని రోల్స్’ అనే లెక్క సాదా వాల్‌పేపర్‌కి దాదాపు సరిపోతుంది. పెద్ద పువ్వుల డిజైన్‌కి దాన్ని నమ్మకండి. ముందు లేబుల్ మీద రెండు సంగతులు చూడండి: డిజైన్ ఎన్ని సెంటీమీటర్లకోసారి మళ్ళీ మొదలవుతోంది, పక్క పట్టీతో నేరుగా కలుస్తుందా, సగం డిజైన్ మేర కిందికి దిగి కలుస్తుందా.

విజయవాడలో మా అమ్మ గదినే చెబుతాను. మంచం తలవైపు గోడ వెడల్పూ ఎత్తూ 10 అడుగులు, అంటే 305 సెంటీమీటర్లు. అమ్మకి నచ్చిన తామరతీగ 64 సెంటీమీటర్లకోసారి తిరిగొస్తుంది, సగం దిగి కలిసే రకం. రోల్ వెడల్పు 53 సెంటీమీటర్లు, పొడవు 10 మీటర్ల పైన ఓ ఐదు సెంటీమీటర్లు. పైనా కిందా ఐదేసి సెంటీమీటర్లు వదిలితే పట్టీకి 315 కావాలి. ఒకే రోల్లోంచి వరసగా కోస్తే ప్రతిసారీ పువ్వు కలవడానికి కొంత వదిలెయ్యాలి, దాంతో రెండు పట్టీలే వస్తాయి. అందుకని రెండు రోల్స్ పక్కపక్కన పరచండి. మొదటిదాంట్లోంచి 320 చొప్పున, అంటే 64కి ఐదు రెట్లు, 1, 3, 5 పట్టీలు కొయ్యండి. రెండోదాని మొదట్లో 64లో సగం, 32 తీసేసి, అదే లెక్కన 2, 4, 6. ఆరూ వచ్చేస్తాయి. వెనక పెన్సిల్‌తో నంబరు, పైకి బాణం గుర్తు తప్పనిసరి. మూడో రోల్ కూడా అదే బ్యాచ్ నంబర్‌ది కొని దాచండి. రేపు ఎక్కడైనా చిరిగితే అచ్చంగా అదే రంగు దొరకడం కష్టం.

గోడ చెమ్మగా ఉంటే ఈ పని మొదలుపెట్టొద్దు. ఓ ప్లాస్టిక్ ముక్కని నాలుగువైపులా టేప్‌తో అంటించి రెండు రోజులు చూడండి, లోపల నీటిబొట్లు కనిపిస్తే ముందు లీకేజీ సంగతి తేల్చాలి. వదులుగా ఉన్న లప్పం గీకి, మళ్ళీ పట్టించి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ వేసి బాగా ఆరనివ్వండి. సున్నం గోడ మీద నేరుగా అంటిస్తే సున్నంతో సహా ఊడొస్తుంది.

మొదటి పట్టీని మూల నుంచి మొదలుపెట్టకండి. మన ఇళ్ళ మూలలు తిన్నగా ఉండటం అరుదు. గోడ మధ్యలో దారానికి బరువు కట్టి వేలాడదీసి గీత గియ్యండి. ఆ గీతకి అటొకటీ ఇటొకటీ మొదలుపెట్టి అంటిస్తూ పోతే రెండు అంచుల్లోనూ చివరి పట్టీకి సమానంగా 46 సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది, పువ్వులు ఒకవైపుకి ఒరిగినట్టుండవు.

మేము వాడింది నాన్ వోవెన్ రకం, అంటే నారతో చేసిన, తడికి సాగనిది, గమ్ము గోడకే రాయాలి. కాగితానికి రాసే రకమైతే మడిచి నాననిచ్చే సమయం ప్రతి పట్టీకీ ఒకటే ఉండాలి. నానితే కాగితం సాగుతుంది, ఒకటి ఎక్కువ సాగితే పువ్వు కలవదు. ఫ్యాన్ ఆపెయ్యండి, ఎంత ఉక్కగా ఉన్నా సరే. అంచులు ముందే ఆరిపోతే అతుకులు విచ్చుకుంటాయి. అంచుకి అంచు ఆనించాలి, ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కకూడదు. పువ్వుని కంటి ఎత్తులో కలపండి, కింద కొద్ది తేడా వచ్చినా అది మంచం వెనక దాగిపోతుంది. మధ్య నుంచి బయటికి మెత్తటి బ్రష్‌తో నిమరండి. బయటికొచ్చిన గమ్ముని వెంటనే తడి స్పాంజితో అద్దండి.

స్విచ్ బోర్డు దగ్గర మెయిన్ ఆపి, ప్లేటు విప్పి, దాని మీదుగా కాగితం అంటించి, పెట్టె మధ్యలో గుణకారం గుర్తులా కొయ్యండి. నాలుగు రెక్కల్నీ కత్తిరించి అంచుల్ని ప్లేటు కిందికి దూర్చండి. కట్టర్ బ్లేడు పట్టీకోసారి విరిచి కొత్త మొన తీసుకోండి, మొద్దు బ్లేడు తడి కాగితాన్ని పీకేస్తుంది. గమ్ము పూర్తిగా ఆరాకే మెయిన్ వెయ్యండి.