కాలేజీ చదువు భారం: పట్టు ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

పాఠశాలలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కాలేజీలో చేరిన రెండు మూడు నెలలకే వెనకబడటం తరచుగా కనిపిస్తుంది. దాన్ని చూసి తెలివి చాలలేదని తేల్చుకోవడం పొరపాటు. పాఠాన్ని రోజువారీగా విడగొట్టడం, హోంవర్కు అడిగి చూడటం, పరీక్షకు ముందు పునశ్చరణ చేయించడం అన్నీ పాఠశాలలో ఉపాధ్యాయులే చూసుకునేవారు. కాలేజీలో ఆ బాధ్యత ఎవరూ విడిగా చెప్పకుండానే విద్యార్థి మీద పడుతుంది. కింది సమస్యల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

సమస్య: తరగతిలో అంతా అర్థమవుతుంది, గదికి వచ్చి చేస్తే రాదు.

కారణం: ఒకరు చేస్తుంటే అనుసరించగలగడం వేరు, తానుగా చేయగలగడం వేరు. లెక్చరర్ బోర్డు మీద ఒక సూత్రాన్ని రాబట్టేటప్పుడు ప్రతి మెట్టూ సహజంగానే తోస్తుంది. అదే రాత్రి తెల్లకాగితం ముందు కూర్చుంటే మూడో వరుస దగ్గర కలం ఆగిపోతుంది. అప్పుడు చాలామంది నోట్సు తెరిచి, రంగు పెన్నుతో గీతలు గీస్తూ మళ్లీ చదువుతారు. చదివే కొద్దీ పాఠం పరిచయమైనదిగా కనిపిస్తుంది కనుక వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు వారిని దాటిపోయారు.

పరిష్కారం: పాఠం విన్న రోజునే నోట్సు మూసి, గుర్తున్నంత మేరకు ఒక కాగితం మీద రాయండి. కలం ఆగిన చోట గుర్తు పెట్టి, ఆ ముక్క మాత్రమే తెరిచి చూడండి. రెండు రోజుల తర్వాత, మళ్లీ వారం తర్వాత అదే పని చేయండి. మొదట్లో ఇది విసుగ్గానూ, కాస్త అవమానంగానూ ఉంటుంది. అయినా నా దృష్టిలో ఈ ఒక్క అలవాటు మిగిలిన అన్ని ఉపాయాల కంటే విలువైనది.

సమస్య: రోజూ చదువుతున్నా పని తరగడం లేదు.

కారణం: తరగతి గంటలనే చదువు గంటలుగా లెక్కపెట్టుకోవడం. కోర్సు ఎంత పనో కొలిచే ప్రమాణాన్ని క్రెడిట్ అంటారు. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట తరగతితో పాటు బయట కనీసం రెండు గంటల పని; ఆ లెక్కన 15 క్రెడిట్లకు వారానికి 45 గంటలు కావాలి. ఐరోపా పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటల పని ఉంటుంది. అంటే టైంటేబుల్లో కనిపించేది అసలు పనిలో కొంత భాగమే.

పరిష్కారం: ఒక వారం పాటు పుస్తకం ముందు నిజంగా గడిపిన సమయాన్ని రాసి చూడండి. తరగతుల మధ్య వృథాగా పోయే గంటలు అప్పుడే బయటపడతాయి. ముందుగా వాటిని ఒక్కో సబ్జెక్టుకు కేటాయించండి. నిద్రలోంచి గంటలు తీయకండి, నేర్చుకున్నది మెదడులో స్థిరపడటానికి నిద్ర అవసరం.

సమస్య: అసైన్‌మెంట్ల గడువులన్నీ ఒకే వారంలో వచ్చిపడుతున్నాయి.

కారణం: ఒక లెక్చరర్ పెట్టిన తేదీ మరొకరికి తెలియకపోవచ్చు.

పరిష్కారం: సెమిస్టర్ మొదట్లోనే అన్ని తేదీలూ ఒకే కాగితం మీదికి ఎక్కించండి. గడువు తేదీతో పాటు మొదలుపెట్టే తేదీని కూడా రాయండి, ఎందుకంటే మనం తప్పేది సాధారణంగా ఆ మొదలుపెట్టే తేదీనే.

సమస్య: అర్థం కాకపోయినా లెక్చరర్‌ను అడగబుద్ధి కావడం లేదు.

కారణం: తనకొక్కడికే రావడం లేదన్న బిడియం. ఆపై వారాలు గడిచేసరికి సందేహాలు పోగుపడి, ఎక్కడ మొదలుపెట్టి అడగాలో తెలియని స్థితి వస్తుంది.

పరిష్కారం: ‘ఈ అధ్యాయం అర్థం కాలేదండి’ అని కాకుండా, ‘ఇక్కడివరకు చేశాను సార్, ఈ మెట్టు ఎలా వచ్చిందో తెలియలేదు’ అని, చేసిన కాగితం చూపించి అడగండి. అలా అడిగినవారికి సమాధానం చెప్పడం ఎదుటివారికీ సులువు.

ఇవన్నీ మూడు నాలుగు వారాలు నిజాయితీగా పాటించినా పరిస్థితి మారకపోతే, సబ్జెక్టుల సంఖ్యే ఎక్కువై ఉండవచ్చు. ఒకదాన్ని వదులుకునే వీలు ఉంటే దానికీ గడువు ఉంటుంది కనుక, అది దాటకముందే విద్యా సలహాదారుతో మాట్లాడండి. నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే చదువు సంగతి పక్కనపెట్టి, ముందు కౌన్సెలర్‌ను గానీ వైద్యుడిని గానీ కలవండి.