తాతయ్య జ్ఞాపకంగా డిమెన్షియా పరిశోధన కోసం పరుగు: ఎలా మొదలుపెట్టాలి?

మా తాతయ్య ప్రతి ఆదివారం గోడ గడియారానికి కీ ఇచ్చేవారు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే స్థితి, ముదిరాక రోజుకు నాలుగైదు సార్లు స్టూలు జరుపుకుని మరీ వెళ్లేవారు, కీ ఇక తిరగదని చేతికి తెలిసేది కానీ ఇందాకే తిప్పానన్న సంగతి మాత్రం గుర్తుండేది కాదు. చివర్లో నన్ను చూసి "ఎవరబ్బాయివి నువ్వు?" అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఆయన పోయిన మరుసటి ఏడాది ఆయన పేరు మీద 5 కిలోమీటర్లు పరిగెత్తి, తెలిసినవాళ్లను విరాళాలు అడిగి డిమెన్షియా పరిశోధనకు డబ్బు పోగుచేశాను. మీకూ అలాంటి ఆలోచన ఉంటే ఈ వరుసలో వెళ్లండి.

1. డబ్బు ఎక్కడికి వెళ్తుందో ముందు తేల్చుకోండి

చాలామంది ముందు పరుగు ఎంచుకుని, విరాళాలు అందుకునే సంస్థ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. అలా వద్దు. కొన్ని సంస్థలు రోగుల సంరక్షణకు ఖర్చుపెడతాయి, కొన్ని పరిశోధనకు, కొన్ని రెండింటికీ. రెండూ అవసరమే, కానీ మీరు పరిశోధన కోసం అని అడిగితే డబ్బు అక్కడికే చేరాలి. సంస్థ వార్షిక నివేదిక తెరిచి పరిశోధనకు ఎంత ఇచ్చారో, ఏ ప్రాజెక్టుకివ్వాలో నిర్ణయించేది బయటి శాస్త్రవేత్తలేనా కాదా చూడండి. నివేదికే దొరకకపోతే వేరే సంస్థ వెతుక్కోండి.

"దానికి మందే లేదు కదా, డబ్బిచ్చి ఏం లాభం?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. డిమెన్షియా అంటే ఒకే జబ్బు కాదు, చాలా జబ్బుల వల్ల వచ్చే స్థితి, అందులో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్ అనే జబ్బు వల్లే. జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఈ జబ్బు గురించి మొదటిసారి చెప్పింది 1906లో. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగించి జబ్బు వేగాన్ని తగ్గించే మందు లెకానెమాబ్‌కు అమెరికాలో పూర్తి ఆమోదం దొరికింది 2023లో. అది జబ్బును ఆపదు, పోయిన జ్ఞాపకాన్ని తేదు, తొలి దశలో ఉన్నవాళ్లలో కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. అయినా అంతవరకు వచ్చింది పరిశోధన వల్లే కదా.

2. మీకు చేతనైన దూరం ఎంచుకోండి

కొత్తవాళ్లకు 5 కిలోమీటర్లు చాలు. 42.195 కిలోమీటర్ల మారథాన్ చేస్తేనే జనం డబ్బిస్తారని అనుకోకండి. పరుగులో సంస్థ తరఫున సీటు తీసుకుంటుంటే కనీసం ఇంత సేకరించాలన్న షరతు ఉంటుందేమో ఫారం మీద సంతకానికి ముందే చదవండి. సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం కాబట్టి ఆ నెలలో పరుగు పెట్టుకుంటే విషయం చెప్పడం సులువు.

3. సాధన

గుండె జబ్బు, బీపీ, మోకాళ్ల నొప్పి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. వారానికి మూడు రోజులు, మధ్యలో విశ్రాంతి. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు. వారం వారం పరుగు పెంచుతూ నడక తగ్గిస్తూ పోతే తొమ్మిది పది వారాల్లో చాలామందికి అరగంట ఆగకుండా పరిగెత్తడం వస్తుంది. పరిగెత్తుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టే.

ఇంకో మాట. శరీరానికి శ్రమ లేకపోవడం కూడా డిమెన్షియా ముప్పు పెంచే కారణాల్లో ఒకటని తెలిశాక కొందరు "మీ తాతగారు వ్యాయామం చేసేవారు కాదా?" అంటారు. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించేది. మా తాతయ్య నడక మానని మనిషి. ముప్పు తగ్గడం వేరు, జబ్బు రాకపోవడం వేరు.

4. ఆయన గురించి రాయండి, జబ్బు గురించి కాదు

విరాళాల పేజీ మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్లను అడగండి, ముఖ్యంగా దగ్గరుండి చూసుకున్నవాళ్లను. నేను మంచం మీద ఉన్న ఫొటో పెడదామనుకుంటే నానమ్మ ఒప్పుకోలేదు, బీరువాలోంచి వేరే ఫొటో తీసి అంచు చీరకొంగుతో తుడిచి ఇచ్చింది. అందులో తాతయ్య స్టూలు ఎక్కి గడియారం తలుపు తీస్తున్నారు. ఆ ఫొటో, దాని కింద గడియారం కథ నాలుగు వాక్యాల్లో, అంతే పెట్టాను.

డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి, మీ ఖాతాలోకి వద్దు. మొదటి విరాళం మీరే వేయండి, ఖాళీ పేజీలో ముందుగా వేయడానికి జనం వెనకాడతారు. లింకు గ్రూపులో పడేస్తే పట్టించుకునేవాళ్లు తక్కువ, ఒక్కొక్కరికీ పేరు పెట్టి రాయండి.

5. పరుగు రోజు, ఆ తర్వాత

కొత్త బూట్లు ఆ రోజే వేయొద్దు. నెమ్మదిగా మొదలుపెట్టండి. మూడో కిలోమీటరు దగ్గర నాకు ఏడుపు ఆగలేదు, కాసేపు నడిచాను. మీకూ అలా అయితే నడవండి, ఏం ఫర్వాలేదు.

వారంలోపు అందరికీ మొత్తం ఎంతైందో చెప్పి థాంక్స్ రాయండి. అప్పుడు డబ్బు వేయనివాళ్ల నుంచి కూడా మెసేజ్‌లు వస్తాయి, "మా అమ్మ నిన్న ఇంటి దారి మర్చిపోయింది, ఇదేనంటావా?" అని. వాటికి ఆలస్యం చేయకండి. మీరు జబ్బు పేరు చెప్పొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని చెప్పండి. థైరాయిడ్ సమస్య, బి12 లోపం, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది.