ఉప్పు పూల్‌లోనూ ఉండేది క్లోరినే: కళ్ల మంట, పచ్చ నీళ్లు, తెల్ల పొరకు పరిష్కారాలు

ఉప్పు నీళ్ల స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఉండదన్న ధీమాతో పిల్లల్ని దింపేవాళ్లు చాలామంది. ఉంటుంది. నీళ్లలో కలిపిన ఉప్పు నుంచి, నీళ్లు పారే పైపుకు బిగించిన 'సెల్' అనే పరికరంలోని టైటానియం పలకలు కరెంటుతో అక్కడికక్కడే క్లోరిన్ పుట్టిస్తాయి. మామూలు పూల్‌లో దాన్నే పొడిగానో బిళ్లలుగానో మనం వేస్తాం. అందుకే ఏ పూల్ అయినా ముందు టెస్ట్ కిట్ తీయాలి.

సమస్య: కళ్లు ఎర్రబడి మండటం, ఘాటు వాసన

"క్లోరిన్ ఎక్కువైంది" అంటారు. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అవుతాయి. ఆ వాసన, మంట వాటివే. మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆదివారం సాయంత్రం మా అమ్మాయి కళ్లు నలుపుకుంటూ బయటికొచ్చింది. రెండు రోజులు పౌడర్ ఆపించాం. వాసన ఇంకా పెరిగింది! కిట్‌తో చూస్తే ఫ్రీ క్లోరిన్ (క్రిములను చంపడానికి మిగిలి ఉన్నది) 0.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), టోటల్ (క్లోరమైన్లుగా మారినదాన్నీ కలిపితే మొత్తం) 2. తేడా 1.5, అదంతా క్లోరమైన్లే.

పరిష్కారం: ఆ తేడాకు పదింతలు, అంటే మా లెక్కన 15 పీపీఎం క్లోరిన్, అందరూ వెళ్లాక రాత్రిపూట వేసి పంపు నడపాలి. ఫ్రీ క్లోరిన్ మళ్లీ 3కి దిగేదాకా ఎవర్నీ దించొద్దు. ఉప్పు పూల్‌కీ ఇదే మందు. దిగేముందు సబ్బుతో స్నానం చేయిస్తే ఈ తిప్పలు సగం తప్పుతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి.

సమస్య: ఉప్పు పూల్ నీళ్లు తెల్లగా మసకబారడం, సెల్ పలకల మీద సున్నపు పొర

కారణం: సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తాయి, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) మెల్లగా పైకి పోతుంది. మన బోరు నీళ్లలో కాల్షియం ఎలాగూ ఎక్కువ, అది పేరుకుంటుంది. పైగా పీహెచ్ 8 దాటితే క్లోరిన్ ఉన్నా క్రిములను చంపే బలం బాగా తగ్గిపోతుంది.

పరిష్కారం: వారానికి రెండుసార్లు పీహెచ్ చూసి, మ్యూరియాటిక్ యాసిడ్‌తో (హైడ్రోక్లోరిక్ యాసిడ్) 7.2 - 7.6 మధ్యకు తేవాలి. సెల్‌ను కరెంటు ఆపి, విప్పి, పలుచని యాసిడ్‌లో పొర కరిగేదాకా ఉంచి కడగాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. గీకితే పలకల పూత పోతుంది.

సమస్య: సెల్ నడుస్తున్నా నీళ్లు పచ్చబడటం

వానాకాలంలో ఇది మామూలే. పూల్ పొంగి ఉప్పు కొట్టుకుపోతుంది, సెల్ పుట్టించే క్లోరిన్ తగ్గి నాచు పడుతుంది. సాధారణంగా 3000 - 4000 పీపీఎం కావాలి, అంటే వెయ్యి లీటర్లకు మూడు నాలుగు కిలోలు. యాభై వేల లీటర్ల పూల్‌లో 500 పీపీఎం తగ్గితే పాతిక కిలోల బస్తా ఒకటి సరిపోతుంది. కానీ సెల్ మీటర్ చూపే ఉప్పు అంకెను నమ్మి వెంటనే బస్తా కుమ్మరించకండి. పలకల మీద పొర ఉంటే, ఉప్పు సరిపడా ఉన్నా తక్కువనే చూపిస్తుంది. విడిగా కొలిచాకే వేయండి. పంపు ఎన్ని గంటలు నడుస్తోందో కూడా అడగండి, పంపు ఆగితే సెల్ ఆగుతుంది.

సమస్య: చర్మం పొడిబారడం, నిచ్చెనకు తుప్పు

ఉప్పు పూల్ సముద్రమేం కాదు. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, ఇందులో మూడు నాలుగు గ్రాములే. చాలామందికి చర్మానికి హాయిగానే ఉంటుంది. అయినా బయటికి రాగానే మంచినీళ్లతో కడుక్కోవాలి. నిచ్చెననూ, గట్టు రాళ్లనూ అంతే.

ఒక్క జాగ్రత్త: యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టకండి, ఒకే బకెట్ వాడకండి. రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.