విద్యార్థులే నడిపే పరిశోధన ప్రసంగ బృందం: మీ విభాగంలో ఎలా మొదలుపెట్టాలి?

విజయనగరంలో నేను ఎంటెక్ చదువుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం. మెకానికల్ మూడో సంవత్సరం అబ్బాయి జీడిపిక్కలను ఆవిరిలో ఉడికించే పద్ధతి మీద ఒక పరిశోధన పత్రాన్ని మాకు వివరిస్తున్నాడు. ఎంత పీడనం, ఎన్ని నిమిషాలు, ఎంత శాతం పప్పు విరగకుండా వచ్చింది, అన్నీ స్లైడు మీద ఉన్నాయి. చివరి వరుసలో కూర్చున్న మొదటి సంవత్సరం అమ్మాయి చెయ్యెత్తింది. ఆమెది పలాస దగ్గరి ఊరు, తల్లి జీడి పరిశ్రమలో పని చేస్తారు. "వానాకాలంలో పిక్క చెమ్మగా ఉంటుంది కదా అన్నా, అప్పుడు కూడా అంతసేపే ఉడికిస్తే సరిపోతుందా?" అని అడిగింది. అతను పత్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పాడు. పిక్కలో తేమ గురించి అందులో ఒకే చోట, ఒకే అంకె ఉంది. "తెలియదమ్మా" అని, ఆ ప్రశ్నను నల్లబల్ల మీద రాశాడు. మరుసటి ఏడాది అతని ప్రాజెక్టు అదే.

ఆ గదిలో మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టే ఆ అమ్మాయి నోరు విప్పగలిగింది, ఆ అబ్బాయి తెలియదని చెప్పగలిగాడు. వారం వారం ఒకరు ఒక పరిశోధన పత్రం చదివి మిగతావాళ్లకు వివరించే ఇలాంటి బృందం వల్ల కలిగే లాభాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా నమ్మకం. ఇది కొత్త ఆలోచన కాదు. 1875లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్లర్ అనే వైద్యుడు, ఒక్కరే కొనుక్కోలేనంత ఖరీదైన వైద్య పత్రికలను నలుగురూ కలిసి తెప్పించుకుని చదవడానికి ఒక సంఘం పెట్టారు. ఇంజినీరింగ్ విభాగంలో దాన్ని ఎలా నిలబెట్టాలో, మాకు కుదిరినవీ కుదరనివీ కలిపి చెబుతాను.

ముందు నలుగురిని కూడగట్టండి

పోస్టరుతో మొదలుపెట్టకండి. పరిశోధన చేస్తున్న ఎంటెక్ లేదా పీహెచ్‌డీ విద్యార్థి ఒకరు, మూడో సంవత్సరం వాళ్లు ఇద్దరు, రెండో సంవత్సరం వాళ్లు ఒకరు ఉంటే చాలు. మొదటి నాలుగు వారాలకు నాలుగు ప్రసంగాలు ఖాయం చేసుకున్నాకే విభాగాధిపతి దగ్గరకు వెళ్లండి. ఒక గది, వారానికి ఒక గంట, ప్రొజెక్టరు అడగండి. వీటితో పాటు ఇంకో మాట కూడా అడగాలి: ఈ గంటకు హాజరు తీసుకోవద్దు, దీన్ని ఇంటర్నల్ మార్కులతో ముడిపెట్టవద్దు. మేలు చేద్దామనే ఉద్దేశంతోనే కొందరు అధ్యాపకులు హాజరు కలుపుతామంటారు. వినయంగా వద్దనండి. హాజరు కోసం వచ్చే యాభై మంది కంటే ఇష్టపడి వచ్చే తొమ్మిది మంది నయం.

వేళ విషయంలో మేము దెబ్బ తిన్నాం. మొదట సాయంత్రం ఐదున్నరకు పెట్టాం. హాస్టల్ వాళ్లు తప్ప ఎవరూ రాలేదు. గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి బస్సు పాసుల మీద, ఆమదాలవలస నుంచి రైలు మీద వచ్చేవాళ్లు ఆ వేళకు దారిలో ఉంటారు. అమ్మాయిలు చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకుంటారు. మధ్యాహ్న భోజనం తర్వాతి గంటకు మార్చాకే గది నిండింది.

పత్రాన్ని ఎలా ఎంచుకోవాలి?

మొదటి ప్రసంగానికి పేరుమోసిన పెద్ద పత్రం వద్దు. ఆరు నుంచి ఎనిమిది పేజీలుండి, ఒకే ప్రయోగమో ఒకే లెక్కో ఉన్నది చాలు. చుట్టుపక్కల విషయాలతో ముడిపడినదైతే ఇంకా మంచిది. నాగావళి, వంశధార వరదలు, ఉద్దానం నీళ్లు, గరివిడి ఫెర్రో పరిశ్రమల చిట్టెం, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన కరెంటు స్తంభాలు... సివిల్, కెమికల్, మెటలర్జీ, ఎలక్ట్రికల్ విద్యార్థులకు జీవితకాలానికి సరిపడా ప్రశ్నలు మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు తిరుగులేని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి విషయం మీద రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి చదివితే, అచ్చయినంత మాత్రాన ఏదీ కడపటి మాట కాదని మన పిల్లలకు కళ్లెదుటే తెలుస్తుంది.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడుగుతారు. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. మీ గ్రంథాలయంలో అడిగి చూడండి. ప్రైవేటు కళాశాలల వాళ్లకు పరిశోధన పత్రాలను ఉచితంగా చదవనిచ్చే, 1991 నుంచి నడుస్తున్న వెబ్‌సైటు ఆర్కైవ్ (arXiv), ఉచిత పత్రికల జాబితా డీఓఏజే (DOAJ), మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల నిధి శోధ్‌గంగ ఉన్నాయి. ఏదీ కుదరకపోతే రచయితకే మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపుతారు.

మూడుసార్లు చదవండి

మొదటిసారి శీర్షిక, సారాంశం, బొమ్మలు, ముగింపు మాత్రమే. రెండోసారి మొత్తం చదవండి, గణితం దగ్గర ఆగిపోవద్దు. మూడోసారి పెన్సిలు పట్టుకుని, ఒక గ్రాఫును మీరే కాగితం మీద మళ్లీ గీయండి. అడ్డగీత మీద ఏముంది, నిలువుగీత మీద ఏముంది, ప్రమాణం ఏమిటి, సున్నా నుంచి మొదలైందా? మా బృందంలో ఒకరు ఇలా గీస్తుండగా, రెండు పద్ధతుల మధ్య కొండంతగా కనిపించిన తేడా అసలు మూడు శాతమేనని బయటపడింది. నిలువుగీత 90 దగ్గర మొదలైంది మరి. ఆ రోజు నేర్చుకున్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఏ భాషలో చెప్పాలి?

తెలుగులోనే చెప్పండి. స్లైడ్లు, సాంకేతిక పదాలు ఇంగ్లీషులో ఉండనివ్వండి, వివరణ మాత్రం ఇంట్లో తమ్ముడికి చెప్పినట్టు ఉండాలి. వాడుక భాష కోసం నిలబడ్డ గిడుగు పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో. గురజాడ పేరు పెట్టుకున్న సాంకేతిక విశ్వవిద్యాలయం విజయనగరంలోనే ఉంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు వాక్యాల వెనక దాక్కోనక్కర్లేని చోటు ఒక్కటైనా ఉండాలి. తెలుగులో విడమరచి చెప్పలేకపోతే విషయం మనకే పూర్తిగా పట్టుబడలేదన్నమాట. అదే పత్రాన్ని నెల తర్వాత ఇంగ్లీషులో చెప్పించండి. ఉద్యోగ ఇంటర్వ్యూకు అంతకంటే మంచి అభ్యాసం లేదు.

ప్రసంగం ఇరవై నిమిషాలు, ప్రశ్నలు ఇరవై నిమిషాలు. పది స్లైడ్లు దాటనివ్వవద్దు. బాగా బిడియపడేవాళ్లను మూడు నిమిషాలు, ఒకే స్లైడుతో మొదలుపెట్టించండి. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన 'త్రీ మినిట్ థీసిస్' పోటీ పద్ధతి అదే.

ప్రశ్నల నియమం

మొదటి మూడు ప్రశ్నలూ జూనియర్లవే. వాళ్లు అడిగేదాకా సీనియర్లు మాట్లాడకూడదు. నిశ్శబ్దం ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆగండి, నిమిషం గడిచాక ఎవరో ఒకరు అడుగుతారు. అధ్యాపకులు వస్తే వెనక వరుసలో కూర్చుని చివర మాట్లాడమని ముందే మనవి చేసుకోండి. "అర్థం కాలేదు" అన్నవాళ్లను చూసి ఎవరైనా నవ్వితే బృందాన్ని నడిపేవాళ్లు అక్కడికక్కడే ఆపాలి. ఒకసారి నవ్వులపాలైన విద్యార్థి మళ్లీ చెయ్యెత్తడు.

ఇంకో ప్రయోజనం గురించి గట్టిగా చెప్పాలి. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికలకు మన విద్యార్థులు వేల రూపాయలు పోస్తున్నారు. వారం వారం మంచి పత్రాలు చదివే పిల్లలకు అలాంటి పత్రిక రెండు పేజీల్లోనే తెలిసిపోతుంది. సమీక్షకుల ప్రశ్నలకు నిలబడని పని ఎలా ఉంటుందో వాళ్లు తమ గదిలోనే చూసి ఉంటారు కనుక.

పరీక్షల నెలలో ఆపేయండి, ఫరవాలేదు. తిరిగి మొదలుపెట్టే తేదీని మాత్రం ఆపే రోజే గోడ మీద రాసిపెట్టండి. ఒక లాంగ్ నోటు పుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో తేదీ, పత్రం పేరు, చెప్పినవారి పేరు రాయండి. కుడి పేజీలో జవాబు దొరకని ప్రశ్నలు, అడిగినవారి పేరుతో సహా. నాలుగో సంవత్సరం వాళ్లు వెళ్లిపోయేటప్పుడు ఆ పుస్తకాన్ని మూడో సంవత్సరం వాళ్ల చేతిలో పెట్టి, కుడి పేజీల నుంచి చదవమని చెప్పండి.