పులికాట్ పక్షుల సీజన్‌కు ముందు: 45 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే పులికాట్ సరస్సులో నీళ్లు చేరతాయి. వాటి వెనకే ఫ్లెమింగోలు దిగుతాయి. పక్కనే నేలపట్టులో గూడబాతులు నీళ్లలో పెరిగే కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఇక చలికాలం పొడవునా సూళ్లూరుపేట దారుల్లో పెద్ద లెన్సుల సందడే. అందరూ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లిపోతుండటంతో నికాన్ డి810, డి850, కానన్ 5డిఎస్ లాంటి డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకి వస్తున్నాయి. కొనుక్కున్నవాళ్లు మొదట్లో చెప్పే మాట ఒకటే: పాత కెమెరాలోనే ఫొటోలు షార్ప్‌గా వచ్చేవి, ఇందులో అన్నీ మెత్తగా ఉన్నాయి. లెన్స్ తేడా చేసిందనుకుని అమ్మకానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. తొందరపడకండి.

లెక్క చూడండి. 12 మెగాపిక్సెళ్ల డి700లో ఫొటో వెడల్పు 4256 పిక్సెళ్లు. 45 మెగాపిక్సెళ్ల డి850లో 8256. రెండింటిలోనూ సెన్సర్ సైజు ఒకటే. మీ చెయ్యి ఎప్పటిలాగే వణికినా ఆ వణుకు ఇప్పుడు దాదాపు రెట్టింపు పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. కెమెరా కొత్త తప్పులేమీ చేయడం లేదు, ఉన్నవాటిని దాచడం మానేసింది, అంతే.

అందుకే 500 ఎంఎం లెన్సుకి 1/500 షట్టర్ స్పీడు చాలన్న పాత సూత్రాన్ని మర్చిపోండి. నీళ్లలో నిలబడి మేస్తున్న పక్షికే 1/1000 పెట్టుకోండి, ఎగిరేదానికి 1/2000 తగ్గొద్దు. ఆటో ఐఎస్ఓ (వెలుతురుకి తగ్గట్టు సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే సెట్టింగ్) ఆన్ చేసి, కనీస షట్టర్ స్పీడు మెనూలోనే ముందుగా సెట్ చేసుకుంటే అక్కడికెళ్లాక టెన్షన్ ఉండదు. తెల్లవారుజామున ఐఎస్ఓ 3200కి వెళ్లినా కంగారు పడకండి. నాయిస్‌ని, అంటే ఫొటోలో కనిపించే గరుకుని, ఇంటికొచ్చాక తగ్గించుకోవచ్చు. షేక్ అయిన ఈకల్ని ఉన్నవి ఉన్నట్టు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ మాత్రం లేదు.

బయల్దేరడానికి ఒక వారం ముందే చేయాల్సిన పని ఫోకస్ పరీక్ష. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్‌లోంచి చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు. ఆ రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ కంటి మీద కాకుండా ముక్కు మీదో వీపు మీదో పడుతుంది. 12 మెగాపిక్సెళ్లలో ఇది కనిపించేది కాదు. డాబా మీద ట్రైపాడ్ వేసి, మీరు పక్షులను తీసే దూరంలో, అంటే 15, 20 మీటర్ల అవతల గోడకి న్యూస్‌పేపర్ అంటించండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఒక ఫొటో, వ్యూఫైండర్‌లో నాలుగైదు తీసి పోల్చండి. లైవ్ వ్యూది స్పష్టంగా ఉండి మిగతావన్నీ మెత్తగా ఉంటే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్ తేడాని మెనూలో సరిచేయడం) అవసరం. మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా సవరించుకోవచ్చు. డి850 అయితే లైవ్ వ్యూలో ఆ విలువను తనే లెక్కకట్టి పెట్టుకుంటుంది. జూమ్ లెన్సయితే మీరు ఎక్కువగా వాడే చివర, అంటే 500 దగ్గరే సరిచేయండి. కస్టమ్ సెట్టింగ్స్ మెనూలో ఇంకోటి చూసుకోండి: నికాన్‌లో ఏఎఫ్-సీ (కదిలేదాని వెంట ఫోకస్ మార్చుకుంటూ పోయే పద్ధతి) ప్రయారిటీ ఫ్యాక్టరీ నుంచి ‘రిలీజ్’ మీద వస్తుంది. ఫోకస్ కుదిరినా కుదరకపోయినా బటన్ నొక్కితే ఫొటో పడిపోతుంది. మెల్లగా నడిచే పక్షులకి దాన్ని ‘ఫోకస్’కి మార్చుకోవడమే మంచిది.

ఇవన్నీ సరిచేసుకున్నా పులికాట్‌లో సగం ఫొటోల్ని పాడుచేసేది వేరే ఉంది. అది గాలి. ఎండెక్కితే బురద నేల మీంచి, తారురోడ్డు మీంచి సెగ లేస్తుంది. వేడి గాలి, చల్లగాలి కలిసిపోయే చోట వెలుతురు వంకర్లు తిరుగుతుంది. కళ్లకి అంతా మామూలుగానే ఉంటుంది, 500 ఎంఎంలో 200 మీటర్ల అవతలి ఫ్లెమింగో మాత్రం నీళ్లలో నీడలా అలలాడుతుంది. లక్షల రూపాయల లెన్స్ తెచ్చినా దీనికి మందు లేదు. అనుమానం వస్తే లైవ్ వ్యూలో 100 శాతం జూమ్ చేసి పక్షి కాళ్ల అంచులు చూడండి. అవి కదులుతూ ఉంటే ఆ రోజుకి దూరపు పక్షులు లేనట్టే. దగ్గర్లో ఉన్నవాటిని తీసుకోండి, లేదా టిఫిన్‌కి వెళ్లండి. సూర్యోదయం తర్వాతి తొలి గంట, గంటన్నర బంగారం. మబ్బు పట్టిన రోజైతే ఇంకొంచెం సమయం దొరుకుతుంది.

శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కారులోంచి తీసేవాళ్లు ఇంకో రెండు సెగలు కొనితెచ్చుకుంటారు. ఒకటి బానెట్ మీంచి వచ్చేది, దాని పైనుంచి లెన్స్ పెట్టొద్దు. రెండోది కిటికీ దగ్గర, ఏసీ గాలీ బయటి గాలీ కలిసే చోట. ఏసీ ఆపి, అద్దాలు దించి పావుగంట ఆగండి. ఏసీలోంచి నేరుగా ఆ తేమలోకి తీస్తే లెన్స్ మీద ఆవిరి కూడా పడుతుంది. ఇంజిన్ ఆపేయడం తప్పనిసరి. బియ్యమో పెసలో నింపిన గుడ్డ సంచిని కిటికీ అంచు మీద వేసి లెన్స్ ఆనిస్తే చాలా ట్రైపాడ్‌ల కంటే నయం. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపున్న పక్షుల మీదే వెలుతురు బాగా పడుతుంది. ఈకల వివరం కావాలంటే అటు చూడండి.

అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. ఎఫ్/5.6 లేదా ఎఫ్/8, అంతే. ఎఫ్/16కి వెళితే డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఒక్కో చుక్కా 20 మైక్రాన్ల పైన పరుచుకుంటుంది, డి850లో పిక్సెల్ సైజు 4.35 మైక్రాన్లే. కాకపోతే ఎఫ్/8లో కూడా 500 ఎంఎంతో 10 మీటర్ల దూరంలో మామూలు లెక్కకి సుమారు 20 సెంటీమీటర్ల లోతే స్పష్టంగా ఉంటుంది. 100 శాతం జూమ్‌లో చూసేవాళ్లకి అది ఇంకా తక్కువ. గూడబాతుని పక్క నుంచి తీయండి. ఎదురుగా వస్తే కన్ను షార్ప్‌గా ఉంటే చాలనుకోండి.

ట్రైపాడ్ మీద సూర్యోదయాలు తీసేవాళ్లకి ఒక మాట. 1/4 నుంచి 1/60 మధ్య స్పీడుల్లో కెమెరా లోపలి అద్దం లేచే కుదుపు కూడా ఫొటోలో తెలుస్తుంది. మిర్రర్ అప్ (అద్దాన్ని ముందే లేపి ఉంచడం), రిమోట్ వాడండి. డి810, డి850ల్లో ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్ (షట్టర్ తెర కుదుపు లేకుండా ఫొటో మొదలయ్యే పద్ధతి) ఆన్ చేసుకోండి. లెన్సుతో వచ్చిన పుస్తకంలో వద్దని లేకపోతే వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపేయండి. నడిమి స్తంభం పైకి లాగొద్దు, సరస్సు గాలి ఊరుకోదు. లెన్స్ ముందు చవక ఫిల్టర్ ఉంటే తీసి సంచిలో వేసుకోండి.

షార్ప్‌నెస్‌కి అన్నిటికంటే బాగా పనిచేసేది దగ్గరగా ఉండటమే, కానీ అందుకోసం బురదలోకి దిగి గుంపుని లేపొద్దు. పులికాట్, నేలపట్టు రెండూ అభయారణ్యాలే. నేలపట్టులో అయితే గూళ్లలో పిల్లలుంటాయి. కారే మంచి మాటు. కదలకుండా కూర్చుంటే పక్షులే దగ్గరికొస్తాయి.

ఇంటికొచ్చాక 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద 100 శాతం జూమ్ చేసి దిగులు పడేవాళ్లకి: అలా చూడటమంటే రెండుంపావు మీటర్ల పైగా వెడల్పున్న ప్రింటుని మూరెడు దూరంలో నిలబడి చూడటమే. 50 శాతంలో కన్ను స్పష్టంగా ఉంటే ఫొటో ఉంచుకోండి. ఈకల్లో లేని రంగు చారలు కనిపిస్తే అది మోయిరే. డి810, డి850లకి సెన్సర్ ముందు లో-పాస్ ఫిల్టర్ (ఫొటోని కాస్త మెత్తబరిచి మోయిరేని తగ్గించేది) ఉండదు కాబట్టి, ఫోకస్ బాగా కుదిరిన ఫొటోల్లోనే అది వస్తుంటుంది. రా ఫైల్‌ని (కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫైల్) ఎడిట్ చేసేటప్పుడు బ్రష్‌తో తుడిస్తే చాలావరకు పోతుంది.