గ్యాస్ గీజర్ మంట పసుపుపచ్చగా మారితే: నా అనుభవం

విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఫ్లాటులో గ్యాస్ గీజర్ మంట నీలంగా కాక పసుపుపచ్చగా, ఎగసిపడుతూ రావడం చూడగానే వాడకం ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాను. గాలి సరిపడా అందక గ్యాస్ పూర్తిగా మండనప్పుడు మంట అలా మారుతుంది. అప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కనుక, తలుపు మూసిన స్నానాలగదిలో మనిషి స్పృహ తప్పేదాకా ప్రమాదం తెలియకపోవచ్చు. వంటగ్యాస్ లీకైతే అందులో కలిపిన ఘాటు వాసన హెచ్చరిస్తుంది గానీ, ఈ విషవాయువు విషయంలో ఆ రక్షణ లేదు.

మెకానిక్ మూత విప్పితే, బర్నర్ రంధ్రాల చుట్టూ సముద్రపు ఉప్పుగాలికి పట్టిన తుప్పు పొరలుపొరలుగా లేచి ఉంది. గాలి పీల్చుకునే దారుల్లో సాలెగూడు దుమ్ముతో కలిసి అట్టకట్టింది. ఆయన వాటిని బ్రష్షుతో శుభ్రం చేసి, గడువు దాటిన రబ్బరు గొట్టం స్థానంలో ఐఎస్‌ఐ ముద్ర ఉన్న సురక్షా గొట్టం బిగించి, అతుకుల మీద సబ్బునురగ రాసి బుడగలు రావడం లేదని చూపించారు.

అయినా అంతటితో సరిపెట్టుకోలేదు. గీజర్‌నే స్నానాలగది నుంచి తీయించి, గాలి ధారాళంగా ఆడే యుటిలిటీ బాల్కనీలో పెట్టించి, వేడినీటి పైపును మాత్రమే లోపలికి తెప్పించాను. అసలైన మరమ్మతు ఇదేనని నా నమ్మకం. ఎందుకంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను నమ్ముకుంటే, కరెంటు పోయిన క్షణంలో ఆ ఆధారమూ పోతుంది.

సురక్షా గొట్టాన్ని 5 ఏళ్లకోసారి మార్చాలి కనుక, బిగించిన తేదీని గీజర్ పక్క గోడమీద రాశాను. దాని కిందే గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906 కూడా ఉంది.